బోరు మోటారుకు బలం ఎక్కడిది? బరువు, ఎత్తు, అయస్కాంతం లెక్కలు

ఎండలు ముదిరితే చాలు, కర్నూలు, కడప ప్రాంతాల్లో మోటారు వైండింగు షాపులకు తీరిక ఉండదు. బోర్లలో నీటిమట్టం దిగిపోయేదీ అప్పుడే, పైరుకు తడి ఎక్కువ కావలసిందీ అప్పుడే, అందరూ ఒకేసారి మోటార్లు వేయడంతో వోల్టేజి పడిపోయేదీ అప్పుడే. ఈ మూడూ కలిసి మోటారు మీద పడతాయి.

సేద్యానికి 2004 నుంచి కరెంటు ఉచితం. అందువల్ల మోటారు ఎంత కరెంటు వృథాగా తింటున్నదీ బిల్లులో కనబడదు. కానీ కాలిన మోటారు ఉచితం కాదు. బోరులో నుంచి పైపులు లాగించే కూలి, వైండింగు ఖర్చు, తిరిగి దించే ఖర్చు రైతు మీదే పడతాయి. ఆ నాలుగు రోజుల్లో వాడిపోయే టమాటా, ఉల్లి, పిందె రాల్చే చీనీ చెట్ల నష్టమూ రైతుదే.

మోటారు ఎందుకు కాలిందని అడిగితే చాలామంది 'కరెంటు బాగాలేదు' అంటారు. అది సగం నిజమే. మిగతా సగం తెలుసుకోవాలంటే పిల్లల సైన్సు పుస్తకాల్లో ఉండే మూడు సంగతులు చాలు. బరువును ఎత్తడానికి ఎంత బలం కావాలి, కదిలేదాన్ని రాపిడి ఎలా అడ్డుకుంటుంది, అయస్కాంతం మోటారును ఎలా తిప్పుతుంది. వీటిని మన బోరు దగ్గరే చూద్దాం.

కపిల చెప్పే పాఠం

భూమి ప్రతి వస్తువునూ కిందికి లాగుతుంది. ఆ లాగే బలాన్నే మనం బరువు అంటున్నాం. లీటరు నీళ్లు కిలో బరువు. ఆ నీళ్లను పైకి తేవాలంటే భూమి లాగే బలాన్ని ఎదిరించి మనం లాగాలి.

కపిల బావి కాలంలో ఈ పని ఎద్దులది. బావి నుంచి ఎద్దులు నడిచే దారిని ఏటవాలుగా కిందికి దిగేటట్టు చేసేవారు. నిండు బానను లాగేటప్పుడు ఎద్దులు పల్లానికి నడుస్తాయి కాబట్టి వాటి ఒంటి బరువు కూడా లాగుడుకు కలిసివచ్చేది. బాన ఖాళీ అయ్యాక ఎద్దులు ఎగువకు వెనక్కి నడిచేవి. బడి చదువు లేని మన పెద్దలు బలాన్ని ఎటు వాడుకోవాలో అంత బాగా గమనించారు.

బానలో 150 లీటర్లు పడతాయనుకుందాం. నీళ్లు 30 అడుగుల లోతున, అంటే సుమారు 9 మీటర్ల లోతున ఉన్నాయనుకుందాం. బరువును ఎత్తుతో హెచ్చిస్తే చేసిన పని వస్తుంది. 150ని 9తో హెచ్చిస్తే 1350. అదే బాన నీళ్లు 300 అడుగుల నుంచి రావాలంటే పని పది రెట్లు. నీళ్లు అవే, పొలమూ అదే, లోతు మాత్రమే మారింది. మన పెద్దల కాలానికీ మన కాలానికీ సేద్యపు ఖర్చులో ఉన్న తేడాలో పెద్ద భాగం ఈ లోతే.

కాలువ నీళ్ల సంగతి చూడండి. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కె.సి. కెనాల్‌లో నీళ్లు సుంకేసుల నుంచి కడప వైపు మోటారు లేకుండానే పారుతాయి. అక్కడ భూమి లాగుడే నీళ్లను నడిపిస్తుంది. హంద్రీ-నీవాలో మాత్రం శ్రీశైలం జలాశయం నీళ్లను మాల్యాల దగ్గర పంపులతో ఎత్తిపోయాలి. పల్లానికి పోయే నీళ్లకు భూమి తోడు. మిట్టకు పోయే నీళ్లకు మోటారే దిక్కు.

హార్స్ పవరంటే ఎంత?

పని ఎంత అన్నది ఒకటి, ఎంత సేపట్లో చేశామన్నది మరొకటి. 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు తీసుకుపోయే శక్తిని సుమారుగా ఒక హార్స్ పవరు అనుకోవచ్చు. పైన చెప్పిన బానను అర నిమిషంలో పైకి లాగితే ఆ ఎద్దుల జత చేసింది అర హార్స్ పవరుకు కొంచెం ఎక్కువ.

ఇదే లెక్కతో మీ మోటారును మీరే పరీక్షించుకోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, సెకన్లు చూపే గడియారం ఒకటి చాలు. మోటారు వేసి పది నిమిషాలు పారనిచ్చి, తర్వాత డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 100 సెకన్లు పట్టిందంటే సెకనుకు 2 లీటర్లు వస్తున్నట్టు. మోటారు ఆడుతుండగా బోరులో నీటిమట్టం 200 అడుగుల దగ్గర, అంటే సుమారు 60 మీటర్ల దగ్గర నిలిచిందనుకుందాం. రెండును 60తో హెచ్చిస్తే 120. దాన్ని 75తో భాగిస్తే 1.6. అంటే నీళ్లను ఎత్తడానికి నిజంగా ఉపయోగపడింది 1.6 హార్స్ పవరు.

మీ మోటారు 5 హార్స్ పవరుదైతే మిగతాది ఏమైంది? కొంత పంపులో, కొంత పైపు రాపిడిలో పోతుంది. మంచి పంపుసెట్టులో కూడా సగం దాకా ఇలా పోవడం మామూలే. మూడో వంతు కూడా పనిలోకి రాకపోతే ఎక్కడో లోపం ఉందనో, అవసరానికి మించిన మోటారు దించారనో అర్థం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎత్తును పంపు దించిన లోతు నుంచి లెక్కించకూడదు. మోటారు ఆడుతున్నప్పుడు నీటిమట్టం ఎక్కడ ఉందో అక్కడి నుంచి లెక్కించాలి. పంపును 400 అడుగుల్లో దించినా నీటిమట్టం 200 అడుగుల్లో నిలిస్తే ఎత్తవలసింది 200 అడుగులే. వేసవిలో అదే మట్టం 300 అడుగులకు దిగితే పని ఒకటిన్నర రెట్లు అవుతుంది. అప్పుడు అదే శక్తికి నీళ్లు మూడింట రెండు వంతులకు పడిపోతాయి. 'మోటారు నీరసించింది' అని దాన్ని మార్చేముందు మట్టం కొలిపించుకోండి. ఎత్తు పెరిగితే మోటారు తప్పేమీ లేదు.

పంపు నీళ్లను ఎలా తోస్తుంది?

బండి బురదలో నుంచి వచ్చి రోడ్డు మీద వేగంగా పోతుంటే చక్రానికి అంటిన బురద ఎగిరి దూరంగా పడుతుంది. కదిలే వస్తువు ఏ అడ్డూ లేకపోతే తిన్నగా పోవాలని చూస్తుంది, ఆగి ఉన్నది ఆగే ఉండాలని చూస్తుంది. న్యూటన్ 1687లో అచ్చు వేయించిన పుస్తకంలో మొదటి సూత్రంగా చెప్పింది ఇదే. దీన్ని జడత్వం అంటారు.

పంపులో ఇంపెల్లరు గిర్రున తిరుగుతుంటే దాని మధ్యకు వచ్చిన నీళ్లు చక్రపు బురదలాగే అంచుకు విసరబడతాయి. ఆ విసురే ఒత్తిడిగా మారి నీళ్లను పైపులో పైకి తోస్తుంది. ఒక ఇంపెల్లరు కొంత ఎత్తుకే తోయగలదు. అందుకే లోతు బోర్ల పంపుల్లో ఇంపెల్లర్లను ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. వీటినే స్టేజీలు అంటున్నాం.

జడత్వం మోటారుకు రెండు చోట్ల అడ్డొస్తుంది. నిండు బండిని కదిలించడానికి ఎద్దులు ఎంత బలంగా గుంజుతాయో, కదిలాక ఎంత తేలిగ్గా నడుస్తాయో మీకు తెలుసు. మోటారూ అంతే. నేరుగా లైను మీద వేసినప్పుడు, వేగం అందుకునే దాకా మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు గుంజుతుంది. మాటిమాటికీ ఆపి వేస్తుంటే ఆ వేడి వైండింగులో పేరుకుంటుంది.

రెండోది, కరెంటు పోయిన క్షణం. పైపులో పైకి పోతున్న నీళ్లు ఆగి, తిరిగి కిందికి దిగబోతాయి. వందల అడుగుల నీటి స్తంభం అది. దాన్ని ఆపడానికే పంపు పైన చెక్ వాల్వు ఉంటుంది. అది చెడిపోతే నీళ్లు దిగుతూ ఇంపెల్లరును వెనక్కి తిప్పుతాయి. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చి మోటారు అందుకుంటే ఇరుసు మీద, వైండింగు మీద పెద్ద దెబ్బ పడుతుంది. ఆపిన మోటారును వెంటనే వేయకూడదని చెప్పేది ఇందుకే. కనీసం అయిదు నిమిషాలు ఆగండి.

పైపులో పోయే బలం

నాగలి కర్రు నేలను రాసుకుంటూ పోయినట్టే నీళ్లు పైపు గోడను రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడిని దాటడానికీ మోటారే బలం పెట్టాలి. ఇది ఎలా పెరుగుతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అదే పైపులో రెండింతల నీళ్లు పంపితే రాపిడి నష్టం సుమారు నాలుగింతలు అవుతుంది. అవే నీళ్లను సగం అడ్డకొలత ఉన్న సన్న పైపులో పంపితే నష్టం సుమారు 32 రెట్లు అవుతుంది.

సన్న పైపు కొని కొంత మిగిలిందనుకుంటాం. ఆ మిగులు మోటారు ఆడినన్నాళ్లూ నీళ్ల రూపంలో పోతూనే ఉంటుంది. దూరపు చేనికి నీళ్లు పారించే పైపు విషయంలో ఇది మరీ ముఖ్యం. అనవసరమైన బెండులు తీసేయండి. నేల మట్టం నుంచి పైపును పైకి లేపి, నీళ్లను ఎత్తు నుంచి దూకించడం చూడటానికి ముచ్చటే. కానీ లేపిన ప్రతి అడుగూ మోటారు మోయాల్సిన బరువే. ఉచిత కరెంటు షరతుల్లో ఐ.ఎస్.ఐ. గుర్తు పంపుసెట్టు, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వు, మంచి ప్లాస్టిక్ పైపు, కెపాసిటరు చేర్చింది ఈ నష్టాలు తగ్గించడానికే.

తిప్పేది అయస్కాంతమే

అయస్కాంతం ఇనుమును లాగుతుందని చిన్నప్పటి నుంచి తెలుసు. కరెంటు పారే తీగ కూడా అయస్కాంతంలా పనిచేస్తుందని 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ గమనించారు. తీగ దగ్గరున్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. 1831లో ఇంగ్లండులో ఫారడే దీనికి రెండో వైపు కనిపెట్టారు. మారుతున్న అయస్కాంత బలం తీగలో కరెంటు పుట్టిస్తుంది. ఈ రెండూ కలిస్తేనే మన బోరు మోటారు. ఇలాంటి మోటారుకు టెస్లా 1888లో అమెరికాలో పేటెంట్లు పొందారు.

మోటారు బయటి భాగంలో రాగి తీగ చుట్లుంటాయి. మూడు ఫేజుల కరెంటు ఒకేసారి ఉధృతికి రాదు. ఒకదాని తర్వాత ఒకటి వస్తుంది. అందువల్ల చుట్లలో పుట్టిన అయస్కాంతం ఒకచోట నిలవకుండా గుండ్రంగా తిరుగుతుంది. తీగలు కదలవు, అయస్కాంత బలం మాత్రం తిరుగుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి సబ్‌మెర్సిబుల్ మోటార్లలో ఈ బలం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది.

మధ్యలో ఇరుసుకు ఉండే రోటారులో లోహపు కడ్డీలుంటాయి. వాటికి బయటి నుంచి ఏ తీగా కలపరు. తిరిగే అయస్కాంతం వాటిని దాటిపోతుంటే ఫారడే చెప్పినట్టు వాటిలోనే కరెంటు పుడుతుంది. దాంతో రోటారు కూడా అయస్కాంతమై, ముందుపోయే బలం వెంట పరుగెత్తుతుంది. మూతి ముందు పచ్చిగడ్డి చూపిస్తే ఎద్దు దాని వెంట నడిచినట్టు. అయితే రోటారు ఎప్పుడూ కొంచెం వెనకే ఉంటుంది. సమంగా అందుకుంటే కడ్డీల్లో కరెంటు పుట్టదు, లాగుడూ ఉండదు. బరువు పెరిగేకొద్దీ రోటారు ఇంకా వెనకబడుతుంది, వెనకబడేకొద్దీ ఎక్కువ కరెంటు గుంజుతుంది.

వోల్టేజి పడితే ఏమవుతుంది?

అసలు కిటుకు ఇక్కడుంది. మోటారు తిప్పే బలం వోల్టేజితో పాటు సమంగా తగ్గదు, అంతకంటే వేగంగా తగ్గుతుంది. మూడు ఫేజుల మోటారుకు కావలసింది 415 వోల్టులు. అది 300కు పడితే, వోల్టేజి తగ్గింది నాలుగో వంతుకు కొంచెం ఎక్కువే. తిప్పే బలం మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది.

బలం సగమైనా ఎత్తవలసిన నీళ్ల బరువు తగ్గదు. భూమి లాగుడు అలాగే ఉంటుంది. రోటారు వెనకబడుతుంది, మోటారు ఎక్కువ కరెంటు గుంజుతుంది. కరెంటు రెండింతలైతే వైండింగులో వేడి నాలుగింతలు. ఆ వేడికి తీగ మీది పూత కరిగి చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. మోటారు కాలడమంటే ఇదే. పైగా సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీళ్లే. బోరులో నీళ్లు అడుగంటి పంపు గాలి పీలుస్తుంటే ఆ చల్లదనమూ ఉండదు.

వోల్టేజి పడుతోంది కదా అని పెద్ద మోటారు దించడం మంటలో కట్టె వేసినట్టే. పెద్ద మోటారు లైను మీద మరింత భారమవుతుంది, అందరి వోల్టేజి మరింత పడుతుంది. నీటి ఊట లేని బోరులో పెద్ద మోటారు వేస్తే నీళ్లు రావు, గాలి వస్తుంది.

మోటారు దగ్గర సరైన కెపాసిటరు ఉంటే కొంత మేలు. పని చేసే కరెంటు కాక, అయస్కాంతాన్ని నిలబెట్టడానికి మోటారుకు మరికొంత కరెంటు కావాలి. దాన్ని కెపాసిటరు అక్కడికక్కడే సర్దుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే లైను మీద భారం తగ్గుతుంది. 5 హార్స్ పవరు మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు సరిపోతుంది.

రెండు ఫేజుల మీద నడపవద్దు

మూడు ఫేజుల్లో ఒకటి పోతే అయస్కాంత బలం గుండ్రంగా తిరగదు, ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఆగి ఉన్న మోటారు గుయ్యిమని మూలుగుతుంది తప్ప తిరగదు. ఆడుతున్న మోటారైతే మిగిలిన చుట్ల మీదే బరువంతా వేసుకుని కాలిపోతుంది. కండెన్సరు తగిలించి రెండు ఫేజుల మీద నడిపేవాళ్లున్నారు. అలా తిరిగే మోటారుకు పూర్తి బలం రాదు, వేడి మాత్రం ఎక్కువ. సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టుకుంటే ఫేజు పోగానే మోటారు ఆగుతుంది.

లైను బాగుచేసిన తర్వాత నీళ్లు బాగా తగ్గితే ఒక అనుమానం పడాలి. ఫేజుల వరస మారితే అయస్కాంతం ఎదురు దిశలో తిరుగుతుంది, పంపూ ఎదురు తిరుగుతుంది. నీళ్లు కొద్దిగానే వస్తాయి. మెకానిక్కుతో ఏవైనా రెండు తీగలు ఒకదాని చోట ఒకటి మార్పిస్తే సరిపోతుంది. పంపు పైకి లాగించే ముందు ఇది చూడండి.

స్టార్టరు నోట్లో పుల్ల పెట్టవద్దు

స్టార్టరులో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. అదీ అయస్కాంతమే. కరెంటు సరిగా ఉన్నంతసేపు పట్టి ఉంచుతుంది. వోల్టేజి బాగా పడితే పట్టు వదులుతుంది, మోటారు ఆగుతుంది. ఓవర్‌లోడ్ రిలే కరెంటు ఎక్కువైతే మోటారును ఆపుతుంది. ఈ రెండూ మోటారుకు కాపలాదార్లు. 'ఊరికే ట్రిప్పవుతోంది' అని పుల్ల పెట్టి బిగించినా, రిలేను పైకి తిప్పినా కాపలా కుక్కను చంపుకున్నట్టే. రిలేను నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లకే పెట్టించండి.

ఆటో స్టార్టర్ల సంగతీ ఆలోచించాలి. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఒక్కోటి అయిదారు రెట్లు గుంజుతుంది. వోల్టేజి కుప్పకూలి ఏ మోటారూ వేగం అందుకోదు, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులంతా ఒకసారి కూర్చుని, ఎవరి తర్వాత ఎవరు మోటారు వేయాలో వరస పెట్టుకోండి. ఇద్దరి మధ్య రెండు మూడు నిమిషాల తేడా చాలు. ఆటో స్టార్టరే కావాలంటే ఆలస్యంగా అందుకునే టైమరు పెట్టించి, ఒక్కొక్కరూ వేర్వేరు నిమిషాలకు పెట్టుకోండి. దీనికి పైసా పెద్దగా ఖర్చు కాదు, పొత్తు కావాలి.

అన్నిటికంటే ప్రాణం ముఖ్యం. ఫ్యూజు పోయిందని ఎవరూ సొంతంగా ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి వేయవద్దు. తడి కాళ్లతో స్టార్టరు ముట్టవద్దు. మోటారుకు, స్టార్టరు పెట్టెకు ఎర్తింగు తప్పనిసరి. ఎండాకాలంలో ఎర్తు గుంతలో నీళ్లు పోసి తేమగా ఉంచండి. లైన్‌మన్ వచ్చేదాకా ఒక తడి ఆలస్యమైతే పైరు తట్టుకుంటుంది.

నెలకోసారి రాసి పెట్టుకోండి

పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి స్టార్టరు పెట్టె దగ్గర ఉంచండి. నెలకోసారి ఈ నాలుగు అంకెలు రాయండి.

1. డ్రమ్ము నిండడానికి పట్టిన సెకన్లు.
2. మోటారు ఆడుతున్నప్పుడు వోల్టేజి.
3. మోటారు గుంజుతున్న ఆంపియర్లు.
4. వీలైనప్పుడు బోరులో నీటిమట్టం.

సెకన్లు పెరిగి, మట్టం కూడా దిగితే నేలలో నీళ్లు తగ్గినట్టు. మోటారు మార్చి లాభం లేదు, తడులు తగ్గించుకోవాలి. మట్టం మారకుండా సెకన్లు మాత్రమే పెరిగితే పంపు అరిగిందనో, పైపు కారుతోందనో, తిరుగుడు దిశ మారిందనో చూడాలి. వోల్టేజి తగ్గి ఆంపియర్లు పెరిగితే వెంటనే మోటారు ఆపండి, కరెంటు బాగున్న వేళ వేసుకోండి. వోల్టేజి బాగానే ఉండి ఆంపియర్లు నేమ్‌ప్లేటు అంకె దాటితే బేరింగులో, వైండింగులో జబ్బు మొదలైనట్టు. కాలిపోకముందే మెకానిక్కుకు చూపించండి. చూపించేటప్పుడు ఈ పుస్తకం కూడా చేతికివ్వండి. లోపం ఎక్కడుందో ఊహించే పని అతనికి సగం తగ్గుతుంది, అనవసరంగా పైపులు లాగించే ఖర్చు మీకు తప్పుతుంది.